షాప్ కొండ, మా నాన్న, మా బండి ఫ్యాను

పోయిన నెల సంఘం పిక్నిక్కులో మా మోటారు హోం బానెట్టు ఎత్తి నలుగురికి చూపించాను. అందుకు శిక్షగా సంపాదకులుగారు ఈ వ్యాసం రాయమన్నారు. "గుండెజబ్బుల గురించి రాయడానికి మన సంఘంలో డాక్టర్లకు కరువు లేదు, మీరు రేడియేటరు గురించి రాయండి" అని వారి హుకుం. నేను మెకానిక్కును కాను. స్పానరు పట్టుకోవడం ఈ దేశం వచ్చాకే నేర్చుకున్నాను. అయితే ఆ ఫ్యాను వెనక ఒక కథ ఉంది. మనలో చాలామంది ఇంట్లో వేసవికి తల్లిదండ్రులు వస్తుంటారు గనుక అది అందరికీ పనికొస్తుందనిపించి ఒప్పుకున్నాను.

మా బండి పాతిక దాటిన డీజిల్ వ్యాను. వెనక రెండు మంచాలు, స్టవ్వు, సింకు, చిన్న ఫ్రిజ్జు. బరువు హద్దు 3,500 కిలోలు. 1997 జనవరి 1 తర్వాత ఇక్కడ కారు టెస్టు పాసైన నాబోటి వాళ్ళకు మామూలు లైసెన్సు మీద అంతకు మించిన డీజిల్ బండి నడిపే హక్కు లేదు. ఖాళీ బండే ఆ హద్దుకు దగ్గరగా ఉంటుంది. దాని మీద సోనా మసూరి బస్తా, రెండు ప్రెషరు కుక్కర్లు, ఆవకాయ జాడీ, పిల్లల సైకిళ్ళు. పైగా అలమారాలాంటి ఆకారం. గాలిని చీల్చుకుంటూ కాదు, తోసుకుంటూ పోతుంది. ఇంజను మీద భారం ఎంతో మీరే ఊహించుకోండి.

2022 ఆగస్టు

ఆ ఏడాది వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. జూలై 19న లింకన్‌షైరులోని కనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదై ఈ దేశంలోనే కొత్త రికార్డు అయింది. ఆగస్టు రెండో వారంలో మళ్ళీ ఎండలు ముదిరాయి. మా నాన్న, అమ్మ విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. వాళ్ళకు స్కాట్లండు చూపించాలని పిల్లలతో సహా బయలుదేరాం.

నాన్న ఆర్.టి.సి.లో డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. ఆయన సర్వీసులో ఎక్కువ కాలం తిరుపతి నుంచి తిరుమల ఘాట్ రోడ్డు మీదే గడిచింది. నాలుగేళ్ళ కిందట బైపాసు ఆపరేషను అయింది. రోజూ బీటా బ్లాకరు ఒకటి, నీరు పోయే మాత్ర ఒకటి వేసుకుంటారు. ప్రయాణంలో ఎప్పుడూ ముందు సీటులో నా పక్కనే కూర్చుంటారు.

ఎం-6 మీద కెండల్ మలుపు దాటాక రోడ్డు పైకి లేవడం మొదలవుతుంది. అక్కణ్ణించి లూన్ నది లోయ పక్కగా టీబే వరకు, ఆ పైన షాప్ శిఖరం దాకా ఎక్కుడే. శిఖరం దగ్గర రోడ్డు సముద్రమట్టానికి 316 మీటర్ల ఎత్తున ఉంటుంది. మన తిరుమలతో పోలిస్తే ఇదొక కొండే కాదు. కాని ఆ రోజు ట్రాఫిక్కు నత్తనడక నడుస్తోంది, వెనక నుంచి గాలి, పైన ఎండ. టెంపరేచరు ముల్లు మధ్య గీత దాటి ఎర్ర గీత వైపు జరగడం మొదలుపెట్టింది.

నాన్న నాకన్నా ముందే కనిపెట్టారు. "హీటరు పూర్తిగా తిప్పురా, కిటికీలు దించు" అన్నారు. పాత డ్రైవర్లందరికీ తెలిసిన కిటుకే ఇది. బండి లోపలి హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే. దాన్ని తిప్పితే ఇంజను వేడిలో కొంత లోపలికి వచ్చేస్తుంది. తిప్పాను. ముల్లు ఆగింది. నా కళ్ళు రోడ్డు మీదా ముల్లు మీదా తప్ప ఇంకెక్కడా లేవు. ఇరవై నిమిషాలకు పైగా అలాగే నడిపి టీబే సర్వీసెస్‌లో ఆపాను.

ఆపి పక్కకు చూస్తే నాన్న ముఖం పాలిపోయి ఉంది. చొక్కా తడిసిపోయింది. దిగబోయి తలుపు పట్టుకుని అలాగే ఆగిపోయారు. నేనూ మా ఆవిడా పట్టుకుని చెట్టు నీడన పడుకోబెట్టి, కాళ్ళు ఎత్తుగా పెట్టి, మెడకూ చంకలకూ తడి తువ్వాలు చుట్టాం. బి.పి. చూస్తే పై అంకె 84. మనిషి స్పృహలోనే ఉన్నారు, మాట తడబడలేదు, గుండె నొప్పి లేదు. గుక్కగుక్కగా నీళ్ళు తాగించాం. అరగంటకు అంకె నూటపది దాటింది. కాఫీ అడిగారు. అప్పుడు గాని నా చేతుల వణుకు తగ్గలేదు.

"చెప్పొచ్చు గదా నాన్నా, కళ్ళు తిరుగుతున్నాయని" అన్నాను.

"బండి నడిపేవాణ్ణి పక్కనున్నోడు కంగారు పెట్టకూడదురా" అన్నారు.

బీటా బ్లాకరు, నీటి మాత్ర వేసుకునే డెబ్భయ్యేళ్ళ మనిషిని ఎండలో వేడిగాలి ఎదురుగా కూర్చోబెట్టకూడదని నేను రోజూ రోగుల ఇళ్ళవాళ్ళకు చెప్పే మాటే. ఇంజనును కాపాడే హడావుడిలో పక్కనున్న తండ్రిని చూడలేదు. ఆ తప్పు ఫ్యానుది కాదు, నాది. అయితే ఫ్యాను తిరిగి ఉంటే ఆ హీటరు అవసరమే వచ్చేది కాదు. కాఫీ తాగుతూ నాన్న ఇంకో మాట కూడా అన్నారు: "కొండ ఎక్కేటప్పట్నించీ చెవి పెట్టి వింటా ఉండా. ఫ్యాను కూత ఒక్కసారి గూడా రాలేదు. ముందర దాని సంగతి చూడు."

స్కాట్లండు ప్రయాణం మానుకున్నాం. సాయంత్రం చల్లబడ్డాక మెల్లగా పెన్రిత్ దాకా పోయి, అక్కడే రెండు రోజులు ఉండి ఇంటికి తిరిగొచ్చాం.

ఫ్యాను ఎందుకు, ఎప్పుడు

డీజిలు కాల్చగా వచ్చే శక్తిలో మూడో వంతుకు కాస్త పైన చక్రాలకు చేరుతుంది. మిగిలిన దానిలో కొంత పొగగొట్టం గుండా, కొంత కూలెంటు నీళ్ళ ద్వారా బయటికి పోవాలి. ఇంజనులోంచి వేడెక్కి వచ్చిన నీళ్ళు రేడియేటరు సన్న గొట్టాల్లో పారుతూ గాలికి వేడినిచ్చి, చల్లబడి తిరిగి ఇంజనులోకి పోతాయి. అరవై మైళ్ళ వేగంతో పోతుంటే ఎదురుగాలే చాలు, ఫ్యాను అక్కర్లేదు. మెల్లగా, బరువుగా, ఎత్తుకు పోయేటప్పుడు వేడి ఎక్కువ, గాలి తక్కువ. వెనక గాలి వీస్తుంటే మరీ తక్కువ. ఫ్యాను అవసరం అప్పుడే.

నాన్న నడిపిన బస్సుల్లో ఫ్యాను బెల్టుతో ఇంజనుకే కట్టి ఉండేది. ఇంజను తిరిగినంతసేపూ అదీ తిరిగేది. ఆడుతుందా లేదా అనే సందేహమే లేదు. కాని అవసరం లేనప్పుడు కూడా తిరుగుతూ ఇంజను బలాన్ని తినేస్తుంది. తరవాత సిలికాను నూనె నింపిన కప్లింగులు వచ్చాయి. వేడి ఎక్కితే బిగుసుకుని ఫ్యానును తిప్పుతాయి, చల్లబడితే వదిలేస్తాయి. ఆ పైన కరెంటు ఫ్యాన్లు. ఈ దేశంలో కారవాను లాగేవాళ్ళు ఒకప్పుడు కెన్‌లో కంపెనీ కరెంటు ఫ్యాను కొని బిగించుకునేవాళ్ళు. ఇప్పుడు వ్యాన్లన్నీ దాదాపు వీటితోనే వస్తున్నాయి.

మా బండి ఏర్పాటు ఇది. రేడియేటరు కింది భాగంలో ఒక ఇత్తడి స్విచ్చి. నీళ్ళు 92 డిగ్రీలకు చేరితే మొదటి కాంటాక్టు కలిసి ఫ్యాను మెల్లగా తిరగాలి. 97కి చేరితే రెండోది కలిసి పూర్తి వేగంతో తిరగాలి. మెల్లగా తిరగడానికి కరెంటును ఒక రెసిస్టరు గుండా పంపుతారు.

పరీక్షలు

రోగికి చేసినట్టే వరుసగా చేశాను. ముందు పైపై పరీక్ష. రేడియేటరు రెక్కల నిండా పురుగులు, బూడిదరంగు దూది. లోపలి వైపు నుంచి మెల్లని నీటిధారతో కడిగితే అరబకెట్టు చెత్త వచ్చింది. మీరు ఇంకేమీ చేయకపోయినా ఈ ఒక్కటీ చేయండి. ప్రెషరు వాషరు మాత్రం వాడొద్దు, రెక్కలు వంగిపోతాయి.

తరవాత థర్మోస్టాటు. ఇది మైనంతో పనిచేసే చిన్న తలుపు. ఇంజను వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటరుకు పోనివ్వదు. దాన్ని ఊడదీసి, దారంతో కట్టి, స్టవ్వు మీద గిన్నెలో నీళ్ళు పోసి వేలాడదీశాను. పక్కన జామ్ థర్మామీటరు. దాని మీద ముద్రించినట్టే 83 దగ్గర తెరుచుకోవడం మొదలైంది. దానిలో దోషం లేదు. (దోషమంతా నేను వాడిన గిన్నెలో ఉంది. అది పాయసం గిన్నె. ఆ గిన్నె మళ్ళీ వంటింట్లోకి రాలేదు, రాకూడదు కూడా. కారణం కింద చెబుతాను.)

అదే గిన్నెలో ఇత్తడి స్విచ్చి మొన ముంచి, తీగలకు మల్టీమీటరు పెట్టాను. 92 దగ్గర ఒక కూత, 97 దగ్గర రెండో కూత. అదీ బాగానే ఉంది. ఇక మిగిలింది రెసిస్టరు. మీటరు పెడితే చడీచప్పుడు లేదు. ఎప్పుడో కాలిపోయింది. అంటే ఇన్నాళ్ళూ మా బండికి మొదటి వేగం లేనే లేదు. రేడియేటరు కింద నీళ్ళు, అంటే అప్పటికే చల్లబడి ఇంజనుకు తిరిగి పోయే నీళ్ళు, 97 చేరితే గాని ఫ్యాను కదలదు. ఈ లోపల ఇంజను నుంచి బయటికొచ్చే నీళ్ళు ఎక్కడికి చేరతాయో వేరే చెప్పక్కర్లేదు.

మరి రెండేళ్ళుగా ఎందుకు తెలియలేదు? ఆంజైనా రోగికి కూర్చుని ఉండగా ఇ.సి.జి. తీస్తే చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ట్రెడ్‌మిల్లు మీద పరుగెత్తిస్తే రోగం బయటపడుతుంది. మా బండికి షాప్ కొండే ట్రెడ్‌మిల్లు.

మరో పోలిక కూడా చెప్పాలి. జ్వరం వేరు, వడదెబ్బ వేరు. జ్వరంలో మెదడే శరీరపు వేడి మట్టాన్ని పైకి జరుపుతుంది. పారాసెటమాల్ ఆ మట్టాన్ని దించుతుంది. వడదెబ్బలో మట్టం మారదు, చల్లబరిచే ఏర్పాటే చేతులెత్తేస్తుంది. అక్కడ మాత్రలు పనిచేయవు, బయటి నుంచి చల్లబరచడమే మందు. మా ఇంజనుకూ నాన్నకూ ఆ రోజు ఒక్కటే జబ్బు. నాన్నది ముదరకముందే ఆగింది.

కొత్త ఏర్పాటు

రెసిస్టరు మార్చేస్తే సరిపోయేది గదా అని మీరడగవచ్చు. బండి నడిచేది. కాని లోపాలు మూడు అలాగే ఉండిపోయేవి. ఒకటి: వేడిని వాహనం ఆలస్యంగా గుర్తిస్తుంది. రెండు: రెసిస్టరు మళ్ళీ కాలిపోవచ్చు. మూడు: ఫ్యాను తిరుగుతున్నదీ లేనిదీ నడిపేవాడికి తెలియదు. నాన్న చెవులు ప్రతి ప్రయాణంలోనూ పక్కన ఉండవు.

అందుకని ఎలక్ట్రానిక్ కంట్రోలరు ఒకటి కొన్నాను. ఇది కరెంటును క్షణంలో అనేకసార్లు ఆపుతూ ఇస్తూ ఫ్యాను వేగాన్ని క్రమంగా పెంచుతుంది. ఒక్కసారిగా పూర్తి కరెంటు లాగే మొదటి కుదుపు ఉండదు గనుక ఫ్యూజుకూ మోటారుకూ సుఖం. దీని సెన్సారును ఇంజను నుంచి రేడియేటరుకు పోయే పై హోసులో, రెండు ముక్కల మధ్య ఇరికించే లోహపు గొట్టంలో బిగించాను. కొందరు సన్నటి తీగ సెన్సారును హోసు అంచు కింద దూరుస్తారు. అక్కడ ఎప్పటికైనా కారుతుంది. నీళ్ళు నింపాక లోపలి గాలి పూర్తిగా పోయేలా చూడాలి. సెన్సారు గాలిబుడగలో చిక్కుకుంటే ఇంజను ఉడుకుతున్నా అది చల్లగా ఉందనే చెబుతుంది.

ఎన్ని డిగ్రీలకు పెట్టాలి? ఇక్కడ చాలామంది పొరబడతారు. తక్కువకు పెడితే మంచిదనుకుని 80కి పెడతారు. థర్మోస్టాటు 83కి గాని తెరుచుకోవడం మొదలుపెట్టదు. ఇంజను దాని కన్నా చల్లగా ఉండడం దాని స్వభావమే కాదు. అప్పుడు ఫ్యాను రోజంతా ఆగకుండా తిరిగి తొందరగా అరిగిపోతుంది. నేను మొదలు 94కీ, పూర్తి వేగం 102కీ పెట్టాను. 102 చూసి భయపడకండి. మూత బిగించి ఒత్తిడిలో ఉన్న యాంటీఫ్రీజు నీళ్ళు 120 దాటితే గాని మరగవు.

ఇక ముఖ్యమైన సంగతి. కొత్త కంట్రోలరు చెడిపోతే? ఆసుపత్రిలో వెంటిలేటరు పక్కన చేత్తో నొక్కే బ్యాగు ఎప్పుడూ ఉంటుంది. కరెంటు పోయినా ఊపిరి ఆగకూడదు. ఇక్కడా అదే చేశాను. పాత ఇత్తడి స్విచ్చిని తీసేయలేదు. దాని రెండో కాంటాక్టును అయిదు కాళ్ళ ఛేంజోవర్ రిలేకు కలిపాను. మామూలుగా ఆ రిలే ఫ్యానును కంట్రోలరుకు అప్పగిస్తుంది. పాత స్విచ్చి 97 దగ్గర కలిసిందంటే, కంట్రోలరును పక్కకు నెట్టి, ఫ్యానుకు బ్యాటరీ కరెంటు నేరుగా ఇస్తుంది. డాష్‌బోర్డు మీద చేత్తో వేసే స్విచ్చి ఒకటి, అదీ ఇదే రిలేకు. ఇంకా ఒక చిన్న ఆకుపచ్చ దీపం. దాన్ని కంట్రోలరు నుంచి కాకుండా ఫ్యాను మోటారు తీగ నుంచే తీశాను. కంట్రోలరు "తిరగమన్నాను" అనడం వేరు, ఫ్యానుకు కరెంటు చేరడం వేరు.

మా ఫ్యాను 300 వాట్లు. 12 వోల్టుల మీద 25 ఆంపియర్లు. దానికి తగిన లావు తీగ, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు, వదులు లేని జాయింట్లు ఉండాలి. సన్న తీగ వేస్తే నిప్పుకు పిలుపే. తీగలన్నీ నేనే వేసినా, బిగించే ముందు ఒక ఆటో ఎలక్ట్రీషియనుకు చూపించి సరే అనిపించుకున్నాను. ఇన్సూరెన్సు వారికి మార్పు సంగతి ఉత్తరం రాశాను. మొత్తం ఖర్చు రెండు వందల పౌండ్ల లోపే, నాలుగు శనివారాలు.

జాగ్రత్తలు

ఇవి డాక్టరుగా చెబుతున్నవి.

వేడి బండి రేడియేటరు మూత ఎప్పుడూ తీయొద్దు. లోపలి నీళ్ళు ఒత్తిడి వల్లనే మరగకుండా ఉంటాయి. మూత తీసిన క్షణంలో ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. పూర్తిగా చల్లారేదాకా ఆగాలి.

యాంటీఫ్రీజులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. పిల్లలు, కుక్కలు, పిల్లులు తాగే ప్రమాదం ఉంది. కొద్దిగా తాగినా మూత్రపిండాలు పోతాయి, ప్రాణం కూడా పోవచ్చు. ఎవరైనా తాగితే లక్షణాల కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి. విరుగుడు మందు ఉంది, ఎంత త్వరగా ఇస్తే అంత మేలు. పాయసం గిన్నె వంటింటి నుంచి వెళ్ళిపోయింది ఇందుకే.

కరెంటు ఫ్యాను ఇంజను ఆపి ఉన్నా తనంతట తాను తిరగవచ్చు. బ్యాటరీ తీగ విప్పకుండా దాని దగ్గర చెయ్యి పెట్టొద్దు.

ముల్లు పైకి పోతుంటే హీటరు కిటుకు పనిచేస్తుంది, నిజమే. అయితే బండిలో పెద్దవాళ్ళో పసిపిల్లలో ఉంటే అది అయిదు నిమిషాలకు మించిన వైద్యం కాదు. సురక్షితమైన చోటు చూసి బండి ఆపండి, ముందు మనుషుల్ని దింపి నీడకు పంపండి. ఇంజను కొత్తది దొరుకుతుంది.

లండనులో ఉండేవారికి ఒక మాట. 2023 ఆగస్టు 29 నుంచి అల్ట్రా లో ఎమిషన్ జోను లండను బరోలన్నిటికీ విస్తరించింది. యూరో 6 కాని మా బండిలాంటి డీజిల్ వ్యానుకు రోజుకు పన్నెండున్నర పౌండ్లు. కొనేముందు లెక్క చూసుకోండి.

మళ్ళీ షాప్

2023 జూలైలో నాన్న, అమ్మ మళ్ళీ వచ్చారు. అదే బండి, అదే దారి. ఈసారి ఎక్కుడు మొదలయ్యాక కాసేపటికి ఆకుపచ్చ దీపం వెలిగింది. ముల్లు మధ్య గీత దగ్గరే నిలబడింది. హీటరు జోలికి పోలేదు. నేను మాత్రం పది నిమిషాలకోసారి "నాన్నా, ఎలా ఉంది?" అని అడుగుతూనే ఉన్నాను. నాలుగోసారి అడిగితే "నువ్వు రోడ్డు చూడరా" అని కసిరారు.

తిరుగు ప్రయాణంలో ఎం-6 వదిలి పాత ఏ-6 రోడ్డు పట్టుకున్నాం. 1970లో మోటారు రోడ్డు తెరిచేదాకా లారీలన్నీ ఈ దారినే షాప్ కొండ దాటేవి. మంచులో చిక్కుకుని, ఇంజన్లు ఉడికి, రాత్రుళ్ళు ఆగిపోయిన డ్రైవర్లకు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తిండి, నీడ ఇచ్చేవారట. ఆ డ్రైవర్లనూ ఆ ఊళ్ళవాళ్ళనూ తలుచుకుంటూ రోడ్డు పక్కన ఒక స్మారక ఫలకం పెట్టారు. నాన్న కోసం దాన్ని తెలుగు చేసి చదివాను. ఆయన మళ్ళీ ఒకసారి చదవమన్నారు.

"మనకు గూడా ఘాట్ మింద ఇట్లాంటిదొకటి పెట్టుంటే బాగుండు" అన్నారు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు. దాని మీద ఎన్ని వేల మంది డ్రైవర్లు, ఎన్ని లక్షల మంది యాత్రికుల్ని చేర్చి ఉంటారో! మెట్ట మీద ఇంజను ఉడికితే బకెట్టుతో నీళ్ళు పోస్తూ, కొండంత ఓపికతో నిలబడ్డ రాత్రుల గురించి ఆ సాయంత్రం చాలాసేపు చెప్పారు. ఇంట్లో ఎన్నడూ చెప్పని సంగతులు. నేను ఏటా మెడికల్ కాలేజీ ఫీజు కట్టింది ఆ జీతంలోంచే.

ఇప్పటికీ నెలకోసారి డాష్‌బోర్డు స్విచ్చి వేసి, దీపం చూసి, బానెట్టు దగ్గర నిలబడి ఫ్యాను కూత వింటాను. దీపం కరెంటు వచ్చిందని మాత్రమే చెబుతుంది, రెక్క తిరిగిందని చెప్పదు. ఆ సంగతికి చెవే కావాలి. మీ బండి ఏదైనా సరే, ఎండాకాలం ప్రయాణానికి ముందు ఈ పని ఒకటి చేయండి. సందేహాలుంటే దసరా సమావేశంలో పట్టుకోండి. సంపాదకులుగారి అనుమతితో బానెట్టు మళ్ళీ ఎత్తుతాను.